గుడిలో వాటా

మామయ్య దేవాదాయ శాఖలో ఈవోగా చేసి రిటైరైన కోనసీమ మనిషి. ఊళ్ళో శివాలయం కమిటీకి ఇప్పటికీ పెద్దదిక్కు. మేనకోడలు హైదరాబాద్‌లో పుట్టి పెరిగింది, బ్యాంకులో ఉద్యోగం. ఓ శనివారం సాయంత్రం ఇద్దరూ బిర్లా మందిర్‌కు వెళ్ళారు. దర్శనం అయ్యాక హుస్సేన్ సాగర్ కనిపించే వైపు వచ్చి నిలబడ్డారు. వాదన అక్కడ మొదలైంది.

మామయ్య: గుడి బావుందే కోడలు పిల్లా, కాదనను. ఎక్కడా మరక లేదు, కొబ్బరినీళ్ళ జిగట లేదు, అరటితొక్క లేదు. కానీ ఇందాక మన ముందు ఒకాయన చంకలో పిల్లాణ్ణి పైకెత్తాడు, చూశావా?

మేనకోడలు: చూశాను, గంట కొట్టించడానికి. వాడు చెయ్యి చాచి పైన తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు.

మామయ్య: తండ్రి అటూ ఇటూ చూసి గమ్మున దింపేశాడు. గుడికి రాగానే చెయ్యి పైకి పోవడం మనకు చిన్నప్పుడే పడే అలవాటు. ఆ చేతికి పనే లేకుండా చేశారిక్కడ. నా ఫిర్యాదంతా అక్కడే మొదలవుతుంది.

మేనకోడలు: గంట పెట్టడం మరిచిపోలేదు మామయ్యా, కావాలనే మానేశారు. 1976లో ఈ గుడిని ప్రారంభించింది స్వామి రంగనాథానంద. అప్పట్లో ఇక్కడి రామకృష్ణ మఠానికి ఆయనే అధిపతి. ధ్యానానికి అనువుగా ఉండాలి, గంటలు వద్దన్నది ఆయన కోరిక. పొద్దున లేచింది మొదలు హారన్ల మధ్య బతికే ఊరు ఇది. ఒక్కచోట చప్పుడు లేకుండా చేయడం కూడా పుణ్యకార్యమే.

మామయ్య: ధ్యానానికి మఠం ఉందిగా, దోమల్‌గూడలో. ఇక్కణ్ణుంచి ఎంత దూరం? మఠం వేరు, గుడి వేరు. మఠంలో మనిషి తనలోకి తాను చూసుకుంటాడు. గుళ్ళో నలుగురితో కలిసి ఒకడి ముందు నిలబడతాడు. గంట కొట్టేది దేవుణ్ణి నిద్ర లేపడానికి కాదు, 'అయ్యా, నేనూ వచ్చాను' అని చెప్పుకోవడానికి. ఇంకో తమాషా చెప్పనా? ఈ గుట్టను నౌబత్ పహాడ్ అంటారు. వెనకటికి ఇక్కడ నగారాలు మోగించి ఫర్మానాలు చదివేవారని చెబుతారు. నగారాలు మోగిన కొండ మీద ఇప్పుడు గంట కూడా మోగదు.

మేనకోడలు: నగారా కొట్టేవాడు ఒక్కడు, చేతులు కట్టుకుని వినేవాళ్ళు ఊరంతా. దానికంటే ఈ నిశ్శబ్దమే నయం.

మామయ్య: సరే, చప్పుడు మాట వదిలేద్దాం. కట్టింది ఎవరు? బిర్లాలు. రాయి ఎక్కడిది? రాజస్థాన్‌ది. 2,000 టన్నుల తెల్లని పాలరాయి మోయించి పదేళ్ళు కట్టారు. పనితనంలో ఉత్కళ రీతి కొంత, రాజస్థాన్ రీతి కొంత, మన దక్షిణాది గోపురం కొంత. లోపల 11 అడుగుల నల్లరాతి వెంకటేశ్వరుడు, బయట 42 అడుగుల ఇత్తడి ధ్వజస్తంభం. అన్నీ గొప్పగానే ఉన్నాయి. మరి ఈ ఊరిది ఏది? ఎటు చూసినా రాతిగుట్టలే ఉన్న హైదరాబాద్‌లో గుడికి రాయి కూడా పరాయిదే.

మేనకోడలు: బంజారాహిల్స్‌లో ఇళ్ళ కోసం పేల్చేసిన గుట్టల లెక్క తీస్తే ఆ మాట అనరు. అది అలా ఉంచండి. రామప్ప గుడి ఎవరు కట్టించారు? గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. ఆ కాలానికి ఆయనే డబ్బూ అధికారమూ ఉన్నవాడు. పునాదిలో ఇసుక నింపాడు, శిఖరానికి నీళ్ళలో తేలే ఇటుకలు వాడించాడు. అది ఆ రోజుకి సరికొత్త ఇంజినీరింగ్. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మనమంతా 'ప్రాచీనం' అని మురిసిపోతున్నాం. తంజావూరు పెద్దగుడి మాత్రం? 1010 ప్రాంతంలో రాజరాజు తన రాజధానిలో, తన పేరు పెట్టి కట్టించుకున్నది. పాత గుడి ఏదైనా కట్టిన రోజున కొత్తదే. సొమ్మున్నవాడు నలుగురికీ కనపడేటట్టు కట్టిందే.

మామయ్య: కట్టించినవాడు డబ్బున్నవాడని నేనేం తప్పు పట్టలేదు. కట్టాక ఏం చేశారన్నది నా ప్రశ్న. నువ్వు ఎప్పుడైనా ద్రాక్షారామం వెళ్తే దర్శనం చేసుకుని పరుగెత్తకు. కాసేపు ఆగి స్తంభాలు చూడు. వాటి నిండా శాసనాలే, వందల కొద్దీ. చాలా వాటిలో ఉండేది ఒకే సంగతి, అఖండదీపం. ఒకరు గుడికి కొన్ని గొర్రెలు ఇస్తారు. వాటిని ఒక బోయ ఒప్పుకుంటాడు. మందను మేపుకుంటాడు, పాలూ పిల్లలూ అనుభవిస్తాడు, బదులుగా రోజూ మానెడు నెయ్యి దీపానికి కొలిచి పోస్తాడు. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం. ఇచ్చింది రాజులే కాదు. సామాన్యులు ఉన్నారు, వ్యాపారులు ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు. గుడి కట్టించింది చాళుక్యుడే కావచ్చు, దాన్ని వెలిగించింది మాత్రం గొర్రె, గొర్రెల కాపరి, నెయ్యి కాచిన ఇల్లాలు. ప్రతివాడికీ గుడిలో ఒక వాటా ఉంది, ఆ వాటా రాతి మీద చెక్కి ఉంది. ఈ పాలరాతి గోడల మీద ఎవరి వాటా చెక్కి ఉందో చూపించు.

మేనకోడలు: ఇక్కడి గోడల మీద రామాయణ, భారత కథలున్నాయి. గురువాణి సూక్తులున్నాయి. ఒక వెంకటేశ్వరుడి గుడి తన గోడల మీద ఇంకో మతం గురువుల మాటకు చోటిచ్చింది. పాత గుళ్ళలో అలాంటిది ఎన్నిచోట్ల చూశారు?

మామయ్య: నేను అడిగింది గోడ చెప్పే నీతి కాదే, జనానికి అప్పజెప్పిన పని. మా ఊరి శివుడి కల్యాణం నువ్వు చిన్నప్పుడు చూశావు. కుమ్మరి కొత్త కుండలు తెస్తేగాని అంకురార్పణ లేదు. చాకలి దివిటీ పట్టుకుంటేగాని స్వామి వీధిలోకి రాడు. మంగలి సన్నాయి అందుకుంటేగాని మాంగల్యధారణ లేదు. వడ్రంగి వచ్చి రథం ఇరుసు తట్టి చూసి 'ఊఁ' అనాలి, అప్పుడు కదులుతుంది. తిరుమలకే రా. తెల్లవారుజామున బంగారు వాకిలి తీసేటప్పుడు ముందు లోపలికి వెళ్ళేది ఎవరు? సన్నిధి గొల్ల. కోట్ల ఆస్తులున్న దేవుడికి కూడా ఒక గొల్లవాడు వస్తేగాని పొద్దు పొడవదు. దాన్ని గుడి అంటారు. ఇక్కడ నువ్వు రాకపోతే ఏం ఆగిపోతుంది? నేను రాకపోతే ఏం ఆగిపోతుంది?

మేనకోడలు: ఏమీ ఆగదు. అందుకే నాకిది నచ్చింది. మీరు చెప్పిన జాబితా చాలా అందంగా ఉంది మామయ్యా. కుమ్మరి, చాకలి, మంగలి, వడ్రంగి, గొల్ల. మరి డప్పు?

మామయ్య: డప్పు కూడా ఉండేది. అది లేకుండా ఊరేగింపు ఏమిటి?

మేనకోడలు: ఎక్కడ నిలబడి కొట్టేవారు?

మామయ్య: ...వీధి మొగలో. రథం ముందు, కాస్త దూరంగా.

మేనకోడలు: గుడి లోపలికి?

మామయ్య: నా చిన్నప్పుడు రానిచ్చేవారు కాదు.

మేనకోడలు: అక్కడే మీ వాటాల లెక్క తేలిపోతుంది. ఎవడి వాటా ఎంతో రాసిపెట్టిన చోట ఎవడి హద్దు ఎక్కడిదో కూడా రాసే ఉంటుంది, రాతి మీద కాకపోతే మనసుల్లో. డప్పు కావాలి, డప్పు కొట్టే మనిషి వద్దు. మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది 1947లో. మీ ఊరూ ఆ రాష్ట్రంలోదే. చట్టం వచ్చాక ఎన్నేళ్ళకు ఆ డప్పు కొట్టే పేటవాళ్ళు గర్భగుడి ఎదుట నిలబడ్డారు?

మామయ్య: చట్టం కాగితం మీదికి తొందరగా వచ్చింది, గడప దాటడానికి చాలా ఏళ్ళు పట్టింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

మేనకోడలు: ఇప్పుడు బిర్లాల సంగతి చూడండి. ఢిల్లీలో వాళ్ళు కట్టిన లక్ష్మీనారాయణ మందిరాన్ని 1939లో గాంధీగారు ప్రారంభించారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, అన్ని కులాలవాళ్ళనూ రానివ్వాలి. అంటే మీ ఊరికి చట్టం రావడానికి ఎనిమిదేళ్ళ ముందే ఆ గుడి తలుపు తెరుచుకుంది. ఈ హైదరాబాద్ గుడి ఆ బాటలోదే. ఇక్కడ మెట్లెక్కుతున్నవాళ్ళను చూడండి. సామాను డెలివరీ చేసే కుర్రాడు యూనిఫాంతోనే వచ్చాడు. చార్మినార్ చూసి ఇటొచ్చిన విదేశీయులున్నారు. అటుపక్క బుర్ఖాలో ఇద్దరు అమ్మాయిలు సాగర్ కేసి చూస్తున్నారు. ఒక్కరినైనా ఎవరైనా 'మీరెవరు' అన్నారా?

మామయ్య: అనలేదు. నన్ను కూడా అనలేదు. అదే నాకు వెలితి. అర్చకుడు గోత్రం అడుగుతాడు, పేరు అడుగుతాడు, నక్షత్రం అడుగుతాడు. మనమెవరమో దేవుడి చెవిన వేస్తాడు. ఆ రెండు నిమిషాలూ నేను జనంలో ఒకణ్ణి కాదు, ఫలానా వాణ్ణి.

మేనకోడలు: ఆ రెండు నిమిషాలు మీకు గౌరవం. నా స్నేహితురాలికి గండం. వాళ్ళది కులాంతర వివాహం. 'గోత్రం?' అనగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి అర్చకుడే సర్దుకుని 'శివగోత్రం అనుకుందాం లెండి' అంటాడు. ఆయన మంచివాడే, కానీ వెనక లైన్లో ఉన్నవాళ్ళ చూపులు అంత మంచివి కావు. ఆ అమ్మాయి ఇక్కడికి మాత్రం వారం వారం వస్తుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. నేను కూడా ఆఫీసు అయ్యాక ఒక్కదాన్నే వస్తాను. ఏమ్మా, ఒక్కదానివే వచ్చావు, మీ ఆయన రాలేదా అనే పెద్దమ్మ ఇక్కడ ఉండదు. నగరంలో ఆడదానికి ఊరికే వచ్చి ఊరికే కూర్చునే చోటు ఎన్ని ఉన్నాయి చెప్పండి? హోటల్లో కూర్చుంటే కాఫీ చెప్పాలి, పార్కులో కూర్చుంటే చూపులు భరించాలి.

మామయ్య: కూర్చోవే, కాదన్నదెవరు? కానీ నువ్వు చెబుతున్నది చోటు గురించి, గుడి గురించి కాదు. రైలు కోసం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నా ఎవరూ గోత్రం అడగరు. అంతమాత్రాన స్టేషన్ మనదవుతుందా? ఇక్కడ ఫోన్ అప్పజెప్పాం, టోకెన్ ఇచ్చారు. చెప్పులు విడిచాం, లైన్లో కదిలాం. వచ్చినవాళ్ళందరినీ సమానంగా చూశారు, నిజమే. అందరినీ సమానంగా చూడ్డానికొచ్చినవాళ్ళను చేశారు. లోపలికి రానిచ్చారు, చేతికి పని మాత్రం ఇవ్వలేదు. మొదట్లో నువ్వు కూడా బిర్లా ప్లానెటోరియానికి వచ్చి, మిగిలిన టైములో గుడి చూశానన్నావుగా?

మేనకోడలు: స్కూల్ టూర్‌లో. పొద్దున ప్లానెటోరియంలో నక్షత్రాలు చూశాం, మధ్యాహ్నం తలుపులు తీశాక వెంకటేశ్వరస్వామిని చూశాం. ఆ ప్లానెటోరియం 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు. విశ్వం ఎంత పెద్దదో చెప్పిన గంటలోనే దేవుడి ముందు నిలబడ్డాం. నా వరకు నాకు అంతకంటే మంచి దర్శనం మళ్ళీ కాలేదు. చూడ్డానికి వెళ్ళడం అంత చిన్న విషయమా? దర్శనం అంటే చూడ్డమే కదా.

మామయ్య: చూడ్డంతో ఆగిపోతే ఎక్కడికి పోతుందో ముచ్చింతల్ వెళ్ళి చూడు. రామానుజులు గోపురమెక్కి అష్టాక్షరి అందరికీ వినిపించాడని చెప్పుకుంటాం. గురువు దాచమన్నదాన్ని ఊరందరికీ ఊరికే పంచాడు. అలాంటివాడికి 216 అడుగుల విగ్రహం పెట్టారు, 2022లో ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించారు. 108 దివ్యదేశాల నమూనా గుళ్ళు చుట్టూ కట్టారు. మహాద్భుతం, కాదనను. లోపలికి పోవాలంటే మాత్రం టికెట్టు. సాయంత్రం ఫౌంటెన్ షో. ఊరికే పంచినవాణ్ణి చూడ్డానికి టికెట్టు కొనుక్కుంటున్నాం.

మేనకోడలు: టికెట్ల మాట మాత్రం ఎత్తకండి. తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనం 300 రూపాయలు. ఏ పెద్ద గుడికి వెళ్ళినా శీఘ్రదర్శనం ఒక లైను, అతిశీఘ్రం ఒక లైను, ధర్మదర్శనం ఒక లైను. మీ శాఖ నడిపిన గుళ్ళే అవి. ఇక్కడ ప్రవేశానికి టికెట్టు లేదు. కోటీశ్వరుడు వచ్చినా మనం నడిచిన మెట్లే ఎక్కాలి. ఇంకో మాట అడుగుతాను, కోప్పడకూడదు.

మామయ్య: అడుగు. రిటైరయ్యాక కోపం కూడా రిటైరైంది.

మేనకోడలు: గుళ్ళో అందరికీ వాటాలుండేవని ఇంతసేపూ చెప్పారు. వంశపారంపర్య హక్కులు, మిరాశీలు రద్దు చేసింది 1987 నాటి దేవాదాయ చట్టం. 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ చట్టాన్ని ఊరూరా తిరిగి అమలు చేసింది ఎవరు? మీలాంటి ఈవోలు కారా?

మామయ్య: మేమే. ఆ చట్టానికి కారణాలు లేకపోలేదు. కొన్ని గుళ్ళలో హుండీ ఆదాయంలో సింహభాగం మిరాశీదార్ల ఇళ్ళకు పోయేది. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగే ఘనుల్ని నేను దగ్గరుండి చూశాను. కాబట్టి రద్దు చేయడం తప్పని అనను. కానీ తర్వాత ఏం జరిగిందో కూడా దగ్గరుండి చూశాను. పెద్ద గుళ్ళ సంగతి వేరు, చిన్న గుళ్ళ సంగతి చెబుతాను. ఇనాం భూములు అప్పటికే ఒక్కొక్కటీ చేతులు మారాయి. భూమి పోయాక సన్నాయి మేళం పోయింది. దాని బదులు డోలూ గంటా కలిసి కరెంటుతో మోగే మోటారు యంత్రం వచ్చింది. హారతి వేళకు స్విచ్ వేస్తే అదే మోగుతుంది. కుండలు బజార్లో కొంటున్నారు. చివరికి ధూపదీప నైవేద్యం పథకం పెట్టి, నెలకు ఇంతని అర్చకుడికిస్తే గాని గుడి తలుపు తెరుచుకోని స్థితికి వచ్చింది. గొర్రెలు తోలుకొచ్చి ఆచంద్రార్కం దీపం వెలిగించిన జాతి మనది. ఇవాళ దీపం నూనెకు సర్కారు బడ్జెట్టు కావాలి.

మేనకోడలు: మరి ఈ లెక్కన మీ గుడికీ ఈ గుడికీ తేడా ఏముంది? అక్కడ మోటారు డోలు, ఇక్కడ నిశ్శబ్దం. అక్కడ సర్కారు జీతం, ఇక్కడ ట్రస్టు జీతం. అక్కడ కూడా జనం వచ్చి, చూసి, వెళ్ళిపోతున్నారు. ఇక్కడ కనీసం నేల శుభ్రంగా ఉంది, తలుపు అందరికీ తెరిచి ఉంది.

మామయ్య: గట్టి దెబ్బే కొట్టావు. కానీ నీకు తెలిసిన చోటే ఒకటి చూపిస్తాను. చిలుకూరు. నగరం నుంచి గంట ప్రయాణం. పాత గుడి, చిన్న గుడి. హుండీ లేదు, టికెట్టు లేదు, వీఐపీ దర్శనం లేదు. వీసా కోసం వెళ్ళే మీ సాఫ్ట్‌వేర్ పిల్లలంతా ఏం చేస్తారక్కడ?

మేనకోడలు: ప్రదక్షిణలు. మొక్కుకున్నప్పుడు 11, తీరాక 108. చేతిలో కాగితం మీద గళ్ళు కొట్టుకుంటూ తిరుగుతారు.

మామయ్య: చూశావా, పని ఇచ్చింది. కాళ్ళు నొప్పెట్టేదాకా నడవమంది. డబ్బు పడేసి తప్పించుకునే వీల్లేదు. ఆ గుడి అర్చకుడే 2018లో జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో ఏం చేశాడు? ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, మేళతాళాలతో గుడి లోపలికి మోసుకెళ్ళాడు. తిరుప్పాణాళ్వారును అర్చకుడు భుజాన మోసిన పాత కథ ఉంది కదా, అదే మళ్ళీ చేసి చూపించాడు. అది పాలరాతి గుడి కాదు, పాత గుడి. అంటే తలుపు తెరవడానికి కొత్త గుడే కట్టక్కర్లేదు. పాత ఆచారంలోనే అందుకు దారి ఉంది.

మేనకోడలు: ఒకరోజు ఒక మనిషిని మోశారు, టీవీల్లో చూపించారు. మర్నాటి నుంచి ఎన్ని ఊళ్ళలో ఎంతమంది అర్చకులు ఎంతమందిని మోశారు? అదీగాక, మోసుకెళ్తేగాని లోపలికి పోలేని పరిస్థితి ఎవరికీ ఉండకూడదు. ఆయన చేసింది గొప్ప పని, దండం పెడతాను. ఇక్కడ మాత్రం ఆ మనిషి తన కాళ్ళ మీద తానే నడిచి వస్తాడు. ఎవరూ వార్త రాయరు. వార్త కాకపోవడమే నాకు ముఖ్యం.

మామయ్య: ఆ మాట బావుంది. ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకుంటాను. మన అక్కాబావా అమెరికాలో ఉన్నప్పుడు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేవారు. అది ఈ గుడి ఈడుదే, 1970ల నాటిది. టీటీడీ సాయంతో మనవాళ్ళు అక్కడ కట్టుకున్నారు. న్యూయార్క్‌లో ఫ్లషింగ్ గణేశుడి గుడి కూడా అప్పటిదే, 1977లో ప్రతిష్ఠ. దాని కింది అంతస్తులో క్యాంటీన్ దోసెలకు పెద్ద పేరు. అక్క చెప్పేది, డాక్టర్లూ ఇంజినీర్లూ సెలవు రోజుల్లో వచ్చి గుళ్ళో కూరలు తరిగేవారట, మంచు పడితే పారలతో దారి తీసేవారట. అక్క వంటింట్లో ఏ రోజూ గరిటె పట్టింది లేదు, గుళ్ళో మాత్రం పులిహోర కలిపేది. వాళ్ళు గుడి గురించి మాట్లాడితే 'మా గుడి' అంటారు. నేను ఇన్నేళ్ళుగా ఇక్కడికి వస్తున్నాను. ఒక్కసారి కూడా నా నోటి వెంట 'మా గుడి' అని రాలేదు. 'బిర్లా గుడి' అనే వస్తుంది.

మామయ్య: అదీ సంగతి! నేనింతసేపూ చెప్పలేక అవస్థపడింది నువ్వు ఒక్క ముక్కలో చెప్పావు. అంటే గుడి కొత్తదైనంత మాత్రాన వాటా ఉండకూడదని లేదు. అక్కడ నగరమూ కొత్తదే, గుడీ కొత్తదే, దేశం కూడా పరాయిదే. అయినా చేతికి పని ఉంది.

మేనకోడలు: అవును. కానీ అక్కడి వాటా పుట్టుకతో రాలేదు, ఇష్టపడి తీసుకున్నది. ఇవాళ పులిహోర కలిపిన మనిషి రేపు లెక్కలు రాయొచ్చు, ఎల్లుండి అసలు రాకపోవచ్చు. మీ కుమ్మరి కొడుకు కుండే తేవాలి, చాకలి కొడుకు దివిటీయే పట్టాలి. ఆ పిల్లాడు వేదం చదువుతానంటే మీ కల్యాణం ఆగిపోయేది. నాకు వాటా కావాలి మామయ్యా, కాదనను. నా నుదుట ముందే రాసిపెట్టిన వాటా మాత్రం వద్దు.

మామయ్య: పుట్టుకతో వచ్చిన వాటాకు ఒక గుణం ఉందే. మానెయ్యడానికి వీల్లేదు. ఇష్టపడి పట్టుకున్నది విసుగొస్తే వదిలేస్తారు. అక్కావాళ్ళు ఊరు మారాక పిట్స్‌బర్గ్‌లో పులిహోర ఎవరు కలుపుతున్నారు?

మేనకోడలు: ఇంకెవరో కలుపుతూ ఉంటారు. వదిలేసే స్వేచ్ఛ ఉన్నచోటే పట్టుకున్నదానికి విలువ. ఇక్కడ మనిద్దరం కలవం, వదిలేయండి.

మామయ్య: కలవకపోయినా ఫరవాలేదు, పరీక్ష పెట్టుకుందాం. నీ గుడికి తలుపుంది, పని లేదు. నా గుడికి పని ఉంది, తలుపు సగమే తెరిచారు. ఎవరి గుడిని వాళ్ళు అడుగుదాం. నువ్వు సోమవారం ఇక్కడి ఆఫీసుకు వెళ్ళు. 'ఆదివారం ఆదివారం రెండు గంటలు వస్తాను, జీతం వద్దు, నాకేదైనా పని చెప్పండి' అని అడుగు.

మేనకోడలు: ఏం పని అడగను? ఇక్కడ చెప్పుల స్టాండు దగ్గర్నుంచి పూల అలంకారం దాకా అన్నిటికీ మనుషులున్నారు. ఆగండి... గోడల మీద రామాయణ, భారత శిల్పాలున్నాయి కదా. వచ్చే పిల్లలు వాటి ముందు నుంచే పరుగెడతారు, ఒక్కరూ ఆగరు. కూర్చోబెట్టి ఒక్కో ఘట్టం కథ చెబుతాను. మెల్లగా చెబుతాను లెండి, స్వామి రంగనాథానంద కోరిన నిశ్శబ్దం చెడకుండా.

మామయ్య: భేషైన పని. గంట లేకపోయినా పిల్లాడికి ఓ కథైనా దొరుకుతుంది.

మేనకోడలు: ఇక మీ వంతు. వచ్చే కల్యాణానికి డప్పు వీధి మొగలో కాదు, ధ్వజస్తంభం దగ్గర మోగాలి. కొట్టినవాళ్ళకు తీర్థప్రసాదాలు అందరితో పాటు అదే వరసలో ఇవ్వాలి. అంతటితో అయిపోలేదు. కమిటీలో ఆ పేట నుంచి ఒకరు ఉండాలి. పేరుకు కాదు, హుండీ లెక్కపెట్టేటప్పుడు పక్కన కూర్చునే మనిషిగా.

మామయ్య: మొదటిది అడగొచ్చు. రెండోదానికి సణుగుతారు. హుండీ అనేసరికి మాత్రం లేచి నిలబడతారు.

మేనకోడలు: మీరే కదా అన్నారు, వాటా ఉంటేనే గుడి మనదని. డప్పుకు ఇచ్చిన వాటా లెక్కల పుస్తకానికి ఇవ్వకపోతే అది పాత వాటాయే.

మామయ్య: అడుగుతానే. మాటిచ్చాను.

మేనకోడలు: కమిటీ కాదంటే?

మామయ్య: ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా మినిట్స్ బుక్కులో రాయిస్తాను, సంతకాలు పెట్టిస్తాను. పాతికేళ్ళు ఈవోగా చేసినవాణ్ణి, నాకు చేతనైన విద్య అదొక్కటే. వెనకటివాళ్ళు దీపానికి గొర్రెలిచ్చినవాళ్ళ పేర్లు రాతి మీద రాయించారు. దారికి అడ్డం పడ్డవాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు. ఈసారి రెండూ రాద్దాం.

మేనకోడలు: మరి ఇక్కడ నన్ను 'చూద్దాం లెండమ్మా' అని పంపేస్తే?

మామయ్య: నోటిమాటగా అడిగితే అంతే అంటారు. కాగితం మీద రాసివ్వు. రెండు కాపీలు పట్టుకెళ్ళు, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకో.